తైవాన్ వాళ్లు కూడా స్క్రూలు బిగించే మొదలుపెట్టారంట, మరి మనం ఎక్కడ ఆగిపోతున్నాం?

పులికాట్_కుర్రోడు
ఇంటర్ అయిపోయిన మా తమ్ముడు ఫోన్ల కంపెనీలో చేరతా అంటా ఉండాడు. అట్టాంటి కంపెనీలోనే (తమిళనాడు వైపు, పేరెందుకులే) నేను నాలుగేళ్లు చేసి బయటికొచ్చా. నాలుగేళ్లలో నాకొచ్చిన పనేందంటే వెనక మూతకి 9 స్క్రూలు, చెప్పిన వరసలో బిగించడం. మొదటిరోజు 3 తర్వాత 4 బిగించానని లైన్ లీడర్ అరిచాడు. 3 తర్వాత 7 అంట. ఎందుకని అడిగితే "బొమ్మలో అట్టా ఉంది, అట్టా చెయ్యి" అన్నాడు. ఆ వరస ఎందుకో నాకు ఈరోజుకీ తెలీదు. అట్టపెట్టెలో ముక్కలొస్తాయి, బిగిస్తాం, ఇంకో అట్టపెట్టెలో పోతాయి. అంతే.

ఒకసారి మిషన్ మొండికేస్తే దాన్ని అమ్మినోళ్ల తరఫున తైవాన్ నుంచి ఒకాయన వచ్చాడు. రెండు రోజులు దాని కింద పడుకుని బాగుచేశాడు. టీ తాగేటప్పుడు చెప్పాడు, వాళ్లమ్మ పెళ్లికి ముందు రేడియోలు బిగించే లైన్లో చేసిందంట. అది నా బుర్రలోంచి పోవట్లే. తెలంగాణలో మూడో వంతుకి తక్కువే ఉంటది ఆ దీవి, 36 వేల చదరపు కిలోమీటర్లు, 2.3 కోట్ల మంది. అమ్మ రేడియో బిగిస్తే కొడుకు దేశదేశాలు తిరిగి మిషన్లు బాగుచేస్తున్నాడు. ఒక్క తరంలో ఎట్టా జరిగింది? తెలిసినోళ్లు చెప్పండి. తమ్ముణ్ణి చేర్చాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాలి.

గోదారిగట్టు
అమెరికా డబ్బులు పోసిందండి. అంతకు మించి రహస్యం ఏం లేదు.

చర్లపల్లి_అక్క
నాలుగేండ్లు ఒక్క పనే చేపిచ్చిండ్రా? మా దగ్గర ఆరు నెలలకోసారి టేబుల్ మార్చేటోళ్లు. చిన్న కంపెనీ గాబట్టి అయ్యుంటది.

షిన్‌చు_శీను
గోదారిగట్టు గారూ, అమెరికా సాయం 1965లో ఆగిపోయిందండి. అసలు కథ అక్కణ్ణుంచే మొదలు. నేను ఆరేళ్లుగా తైవాన్‌లోని షిన్‌చు ఊళ్లో ఉంటున్నాను, చదువుకి వచ్చి ఉద్యోగంలో చేరాను. ఇక్కడి పెద్దవాళ్లు చెప్పింది, చదివింది కలిపి రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఓర్చుకోండి.

సాయం ఆగబోతోందని తెలిసే డాలర్ల కోసం వేరే దారి వెతికారు. 1964లో జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే అమెరికా కంపెనీ వచ్చి విడిభాగాలు బిగించడం మొదలుపెట్టింది. 1966లో కావోషియుంగ్ ఓడరేవు పక్కన ఎగుమతుల కోసమే ఫ్యాక్టరీలు పెట్టే ప్రత్యేక మండలం తెరిచారు. ముక్కలు పన్ను లేకుండా రావాలి, బిగించాక మొత్తం బయటికే పోవాలి. కుర్రోడు చెప్పిన అట్టపెట్టె నుంచి అట్టపెట్టెకు కథ అచ్చంగా అదే.

మలుపు 1974 ఫిబ్రవరిలో. తైపేలో ఒక చిన్న సోయాపాల టిఫిన్ కొట్లో ఏడుగురు కూర్చున్నారు. ఆర్థిక మంత్రి సున్ యున్-సువాన్ ఒకరు, అమెరికాలో ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసే చైనీయ ఇంజనీరు పాన్ వెన్-యువాన్ ఒకరు. చిప్పులు మనమే చెయ్యాలి అన్నాడు పాన్. ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది అని మంత్రి అడిగారు. నాలుగేళ్లు, కోటి డాలర్లు. మంత్రి సరే అన్నారు. అంతకు ముందేడే, 1973లో, ఇట్రి అనే పరిశోధన సంస్థ పెట్టి ఉన్నారు. 1976లో ఆర్‌సీఏతో ఒప్పందం చేసుకుని కుర్ర ఇంజనీర్లను అమెరికా పంపారు. ఒకళ్లు డిజైను, ఒకళ్లు తయారీ, ఒకళ్లు పరీక్షలు, ఎవరి పని వాళ్లు నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1977లో నమూనా ఫ్యాక్టరీ నడిపారు. మొదట చేసింది ఎలక్ట్రానిక్ చేతిగడియారాల చిప్పులు. కొద్ది నెలల్లోనే మంచి చిప్పుల శాతంలో ఆర్‌సీఏనే దాటేశారు.

ఆ అమెరికా వెళ్లిన వాళ్లలో సాయ్ మింగ్-కాయ్ ఒకరు. తర్వాత మీడియాటెక్ పెట్టింది ఆయనే. ఇది చదువుతున్న వాళ్లలో చాలామంది ఫోన్లలో ఆ చిప్పే ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి.

మార్కెట్_మూర్తి
కథ బాగుంది కానీ మంత్రులు టిఫిన్ చేసినంత మాత్రాన దేశాలు బాగుపడవు శీను గారూ. తైవాన్‌ని నిలబెట్టింది చిన్న చిన్న వ్యాపారస్తులు. టెర్రీ గో 1974లో పెట్టిన హోన్ హాయ్ చూడండి, ఇప్పటి ఫాక్స్‌కాన్ అదే. మొదటి సరుకు ఏంటనుకున్నారు? బ్లాక్ అండ్ వైట్ టీవీల ఛానల్ తిప్పే ప్లాస్టిక్ గుబ్బలు. ఏసర్ 1976లో కొద్దిమంది స్నేహితులు పెట్టింది. ప్రభుత్వం అడ్డు రాకుండా ఉంటే చాలు, మిగతాది మనుషులే చూసుకుంటారు.

షిన్‌చు_శీను
మూర్తి గారూ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల కంపెనీ పెట్టినప్పుడు దాదాపు 48 శాతం డబ్బు ప్రభుత్వ నిధిదే. ఫిలిప్స్ 27 శాతం పైన పెట్టింది. మిగతా దానికి స్థానిక ధనవంతులను పిలిచి, నచ్చజెప్పి, కొంతమందిని గట్టిగా ఒత్తిడి చేసి మరీ పెట్టించారు. మార్కెట్‌కి వదిలేస్తే అది పుట్టేదే కాదు. ఇంటెల్‌ని అడిగారు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ని అడిగారు, ఇద్దరూ రామన్నారు. మోరిస్ చాంగ్ ఆ టెక్సస్ కంపెనీలోనే పాతికేళ్లు చేసిన మనిషి. 1985లో, 54 ఏళ్ల వయసులో, ఇట్రి నడపడానికి వచ్చారు. సొంత డిజైన్లు చెయ్యకుండా ఊరందరికీ చిప్పులు చేసిపెట్టే కంపెనీ అన్న ఆలోచన అప్పటికి ఎవరికీ ఎక్కలేదు.

మార్కెట్_మూర్తి
డబ్బు పెట్టడం వేరు, రోజూ పెత్తనం చెయ్యడం వేరు. మన దగ్గర రెండోది జరిగింది, నేను అనేది అదే.

పాతరేడియో
మూర్తి చెప్పిన ఈ ఒక్క మాటకి నేను సాక్ష్యం చెప్పగలను. మనమేమీ ఆలస్యంగా బయల్దేరలేదు బాబూ. కావోషియుంగ్ మండలం 1966 అన్నారు కదా, హైదరాబాదులో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ 1967లో వచ్చింది. ఎ.ఎస్. రావు గారు నిలబెట్టారు. 1969కల్లా టీడీసీ-12 అనే కంప్యూటర్ ఇక్కడే చేశారు. తర్వాత ఈసీ టీవీలు ఎంతమంది ఇళ్లలో ఉండేవో పాతవాళ్లకి తెలుసు. అప్పటికి తైవాన్ వాడు రేడియోలు బిగిస్తున్నాడు. బుద్ధిలో మనం ఒక అడుగు ముందే ఉన్నాం.

నేను పనిచేసింది వేరే చోట, పేరు చెప్పను. ఒక రకం కెపాసిటర్ విదేశం నుంచి తెప్పించాలంటే దరఖాస్తు నాలుగు ప్రతులు. ఇది దేశంలో దొరకదు అని ఒక ధ్రువపత్రం, దొరకదు అని చెప్పడానికి ఇంకో ఆఫీసు. ఆ కాగితం తిరిగొచ్చేసరికి ఏడు నెలలు. ఈలోపు ఆ కెపాసిటరే పాతబడి, తయారుచేసేవాడు ఆపేశాడు. కొత్త నంబరుకి మళ్లీ నాలుగు ప్రతులు. తైవాన్ వాడు ఆ ఏడు నెలల్లో ఏడు రకాల సరుకు అమ్ముకుని ఉంటాడు. నా సర్వీసంతా తల్చుకుంటే ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి అదే.

మరి చిప్పుల సంగతంటారా, మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లోనే చిప్పులు చెయ్యడం మొదలుపెట్టింది. అంటే టీఎస్‌ఎంసీ కన్నా ముందే. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ లేవడానికి ఏళ్లు పట్టింది.

గోదారిగట్టు
సాయం సంగతి నాకు తెలీదండి, ఒప్పుకుంటున్నా. మొహాలీది చదివితే కడుపులో దేవినట్టయింది.

వరంగల్_బీటెక్
అసలు తైవాన్ దేశమా కాదా? మన ప్రభుత్వం గుర్తించనేలేదు కదా.

వేదిక_పెద్ద
ఆ చర్చ మొదలైతే స్క్రూల సంగతి మర్చిపోతాం. దానికి వేరే చోట రాసుకోండి. ఇక్కడ తయారీ గురించే.

షిన్‌చు_శీను
ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా, అది కూడా తయారీ గురించే. 1971లో ఐక్యరాజ్య సమితిలో చోటు పోయింది, 1979లో అమెరికా కూడా గుర్తింపు తీసేసింది. ఇక మనల్ని ప్రపంచం అవసరం కొద్దీ గుర్తుపెట్టుకోవాలి అనే పట్టుదల ఇక్కడి వాళ్లలో కనపడుతుంది. షిన్‌చు సైన్స్ పార్కు తెరిచింది 1980 డిసెంబరులో. రెండు పెద్ద విశ్వవిద్యాలయాల పక్కనే, ఇట్రి కూతవేటు దూరంలో. అమెరికాలో స్థిరపడ్డ ఇంజనీర్లు వెనక్కి రావాలంటే పిల్లల చదువు అడ్డమని, పార్కులోనే ఇంగ్లీషు, చైనీసు రెండూ చెప్పే బడి కూడా పెట్టారు. ఆ చిన్న ఆలోచన నాకు మహా నచ్చుతుంది.

వరంగల్_బీటెక్
తిండి ఎట్లా అన్నా అక్కడ?

షిన్‌చు_శీను
సోనామసూరి దొరకదు, ఇక్కడి గుండ్రటి బియ్యమే తమ్ముడూ. ఇంట్లో తాతుంగ్ కుక్కరు ఉంది, 1960 నుంచీ అదే ఆకారం. బయటి గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు పోసి మీట నొక్కాలి. ఆ నీళ్లు ఆవిరైపోయాక దానంతటదే టక్కున లేస్తుంది. పప్పు కూడా అందులోనే వండుతున్నా, మాడిన పాపాన పోలేదు. ఏ ఇంట్లో చూసినా ఉంటుంది.

చర్లపల్లి_అక్క
మీరందరు మంత్రుల గురించి, కంపెనీల గురించి చెప్తున్నరు. ఆ కుర్రోని ప్రశ్నల ఉన్న అమ్మ గురించి ఒక్కరు మాట్లాడలే. నేను చర్లపల్లిల పద్నాలుగేండ్లు బోర్డులకు సోల్డరింగ్ చేసిన. పొగ ముక్కులకు పోకుండ ఊపిరి బిగబట్టుడు అలవాటై, ఇంట్ల పోపు వెయ్యంగ గూడ ఊపిరి బిగబడతా. అందుకే తైవాన్ ఆడోళ్ల గురించి ఎక్కడ దొరికితే అక్కడ చదువుత.

కావోషియుంగ్ మండలంల పనిచేసినోళ్లు ఎక్కువ మంది ఆడపిల్లలే. ఓడరేవుకు ఎదురుంగ ఉన్న దీవి నుంచి పొద్దుగాల పడవల మీద డ్యూటీకి వచ్చేటోళ్లు. 1973 సెప్టెంబర్ 3 నాడు పట్టేదానికి మించి ఎక్కిచ్చుకున్న పడవ మునిగింది. 25 మంది సచ్చిపోయిన్రు, అందరు పెండ్లి కాని ఆడపిల్లలే, మండలంల పనికి పోయేటోళ్లే. పెండ్లి గాకుండ సచ్చిపోయిన బిడ్డకు పుట్టింటి పూజల చోటు ఉండదంట వాళ్ల ఆచారంల. అందుకే 25 మందిని ఒక్కతాన పాతిపెట్టిన్రు. శాన ఏండ్లు దాన్ని పాతికమంది కన్యల సమాధి అన్నరు. ఆడ సంఘాలు కొట్లాడితే 2008ల శ్రామిక మహిళల స్మారక వనం అని పేరు మార్చిన్రు. వాళ్లు కన్యలని గాదు, కార్మికులని యాది పెట్టుకోవాలని కొట్లాడిన్రు. నాకు గది చదివినప్పుడు ఏడుపు ఆగలే.

పులికాట్_కుర్రోడు
అక్కా, ఇది నాకు తెలీదు. మా హాస్టల్ బస్సులో కూడా నిలబడే వచ్చేవాళ్లు ఆడపిల్లలు, రాత్రి షిఫ్టుకి.

గోదారిగట్టు
అక్క గారు చెప్పింది చదివాక కాసేపు ఏం రాయబుద్ధి కాలేదండి.

చర్లపల్లి_అక్క
ఇంకొకటి గూడ చెప్పాలె. శీను తమ్ముడు ఆర్‌సీఏను మస్తు పొగిడిండు. గదే ఆర్‌సీఏకు తావోయువాన్‌ల టీవీల ఫ్యాక్టరీ ఉండె, 1970 నుంచి 1992 దాంక. బోర్డులు కడిగే మందునీళ్లను భూమిల కలిపిన్రు. పనోళ్లు తాగింది ఆ భూమిల నీళ్లే. వందల మందికి క్యాన్సర్లు వచ్చినయి. 2015ల కోర్టు తీర్పు వచ్చింది కంపెనీదే తప్పని, అప్పటికి ఫ్యాక్టరీ మూసి ఇరవై ఏండ్లు దాటింది.

షిన్‌చు_శీను
అక్కా, మీరన్నది నిజం. చిప్పుల ఒప్పందం గురించే చెప్పి ఇది వదిలేయడం నా తప్పే. ఇక్కడ ఆ కేసు తెలియని వాళ్లు ఉండరు.

సోమశిల_రైతు
నీళ్ల మాట వచ్చింది కాబట్టి నేను దూరతా. 2020లో ఆ దీవికి ఒక్క తుపాను కూడా తగల్లా. మనకి తుపాను అంటే భయం, వాళ్ల చెరువులు నిండేదే తుపాన్లతో. 2021లో 56 ఏళ్లలో చూడని కరువు. ఏం చేశారో తెలుసా? వరికి కాలవ నీళ్లు ఆపేశారు, పరిహారం ఇచ్చి. చిప్పుల ఫ్యాక్టరీలకి ట్యాంకర్లతో కూడా నీళ్లు తోలారు. చిప్పు కడగడానికి అంత శుద్ధమైన నీళ్లు కావాలంట. డబ్బిచ్చారు కదా అంటారు, నారు పోసినాక నీళ్లు ఆపితే రైతుకి ఎట్టుంటదో నాకు తెలుసు. మనకీ చిప్పుల ఫ్యాక్టరీలు రావాలని అందరూ కోరుకుంటా ఉన్నారు, రావాల్సిందే. కానీ ఎవరి కాలవలోంచి అని ముందే అడగండయ్యా.

మార్కెట్_మూర్తి
సోమశిల అన్నా, ఇప్పుడు వాడిన నీళ్లలో ఎక్కువ భాగం శుద్ధి చేసి మళ్లీ వాడుతున్నారు. కానీ మీ ప్రశ్న సబబే.

వరంగల్_బీటెక్
ఒక తమాషా సంగతి. 1982లో అక్కడి ప్రభుత్వం దుకాణాల్లో పెట్టే వీడియో గేమ్ మిషన్లు నిషేధించింది, పిల్లలు చెడిపోతున్నరని. ఆ మిషన్లు చేసేటోళ్ల దగ్గర బోర్డులు, చిప్పులు, పనోళ్లు అంతా సిద్ధంగా ఉన్నారు. ఏం చెయ్యాలె? యాపిల్-2 కంప్యూటర్లకు నకళ్లు చేసుడు మొదలుపెట్టిన్రు. యాపిల్ కేసులేసింది. దాంతో సొంతంగా కంప్యూటర్లు చేసుడు నేర్చుకున్నరు. తర్వాత ప్రపంచంలో ల్యాప్‌టాప్‌లు ఎక్కువ చేసింది తైవాన్ కంపెనీలే. మా నాన్న వీడియో గేముల దుకాణం మూయిస్తా అన్నప్పుడు ఈ సంగతి తెల్వలే నాకు!

బాలానగర్_టూల్‌రూమ్
మూర్తి గారు టీవీ గుబ్బల గురించి రాసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగుతాను, కుర్రోడి ప్రశ్నకి జవాబు దాంట్లోనే ఉంది.

మీ ఇంట్లో టీవీ రిమోట్ బ్యాటరీ మూత తీసి లోపలి వైపు చూడండి. చిన్న చిన్న గుండ్రటి మచ్చలుంటాయి. మౌల్డులో, అంటే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చులో, గట్టిపడ్డ ప్లాస్టిక్‌ని బయటికి తోసే పిన్నుల గుర్తులవి. ఆ మూత ధర రూపాయి ఉండదు. దాని మౌల్డు లక్షల్లో ఉంటుంది. ఉక్కు దిమ్మెను మిల్లింగ్ మీద చెక్కి, మూలలు స్పార్క్ మిషన్‌తో తీసి, చేత్తో పాలిష్ పట్టి, రెండు సగాలూ వెంట్రుక మందం కూడా తేడా లేకుండా మూసుకునేలా చెయ్యాలి. నాకు ఆ పని చేతికి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పటికి ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్లు.

టెర్రీ గో చేసిన తెలివైన పని గుబ్బలు అమ్మడం కాదు. డెబ్బయిల్లోనే జపాన్ యంత్రాలతో సొంత మౌల్డు షాపు పెట్టుకోవడం. మౌల్డు నీ చేతిలో ఉంటే ఎవడొచ్చి ఏ డిజైన్ అడిగినా నువ్వు ముందు చేసివ్వగలవు. గుబ్బల నుంచి కంప్యూటర్ల కనెక్టర్లకి వెళ్లింది ఆ మౌల్డుల మీదే. మన దగ్గర బిగించే లైన్లు వచ్చాయి, బోర్డులూ మౌల్డులూ ఇంకా చాలావరకు బయట్నుంచే వస్తున్నాయి. ఆగిపోయింది అక్కడ.

మార్కెట్_మూర్తి
టూల్‌రూమ్ గారూ, ఇది నా వాదనకే బలం. చిన్నవాడు సొంతంగా పెట్టుకున్నాడు.

బాలానగర్_టూల్‌రూమ్
మరి నేను పని నేర్చుకున్న సీఐటీడీ అనే శిక్షణ సంస్థ ప్రభుత్వానిదండీ. 1968లో బాలానగర్‌లో పెట్టింది. సాయంత్రం ఆరింటికి కాలేజీ గేటు దాటితే రోడ్డుకి అవతల ప్రైవేటు షాపులు. రెండూ ఉంటేనే నేనున్నాను.

షిన్‌చు_శీను
ఈ మాటకి నాదొకటి కలుపుతా. 1968లోనే తైవాన్‌లో ఉచిత చదువు ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్లకి పెంచారు. ఆ తర్వాత పైచదువుల్లో వృత్తి విద్య బడులు పెంచుకుంటూ పోయారు. ఎనభైల్లో పదిమందిలో సుమారు ఏడుగురు వాటిల్లోనే చదివారు. కుర్రోడు చూసిన ఆ మిషన్ బాగుచేసిన ఆయన వయసు యాభై దాటి ఉంటే, అలాంటి బడిలోంచే వచ్చి ఉండొచ్చు.

పులికాట్_కుర్రోడు
యాభై ఐదు ఉంటాయి అన్నా. వేళ్లకి నూనె మరకలు, మెడలో కళ్లజోడు.

అయితే నా తమ్ముడి సంగతి? సీఐటీడీ దూరం అయిపోద్ది మాకు. అమ్మకి ఒంట్లో బాగుండదు.

బాలానగర్_టూల్‌రూమ్
చెన్నై గిండీలో సిపెట్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది, మీకు దగ్గర. ప్లాస్టిక్ మౌల్డుల డిప్లొమా ఉంటుంది, మూడేళ్లు. పదో తరగతి చాలు. ఇంటర్ మార్కులు చూసి ఏమైనా సడలింపు ఉందేమో అడగండి. ఫీజు, తేదీలు వాళ్ల ఆఫీసులోనే కనుక్కోండి, బయట ఏజెంట్లని నమ్మొద్దు.

చర్లపల్లి_అక్క
కుర్రోడా, ఒక్క మాట. లైన్ల చేరుడు తక్కువ పని అని మీ తమ్మునికి చెప్పకు. నా సోల్డరింగ్ పైసలతోనే మా చెల్లె నర్సింగ్ చదివింది. చేరినా తప్పు లేదు. ఆడనే ఉండిపోతేనే కష్టం.

పులికాట్_కుర్రోడు
అట్టా అనను అక్కా. నా జీతంతోనే మా ఇంటికి స్లాబు పడింది.

సోమశిల_రైతు
సూళ్లూరుపేటలో చెన్నై మూర్‌మార్కెట్ లోకల్ రైలు ఎక్కితే పొద్దునపోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మా అక్క కొడుకు అట్టానే చదివాడు. అమ్మని చూసుకోవడానికీ వీలవుద్ది.

వరంగల్_బీటెక్
టూల్‌రూమ్ అన్నా, ఇంతకీ 3 తర్వాత 7 ఎందుకు? చదువుతున్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్న.

బాలానగర్_టూల్‌రూమ్
నేనూ దాని దగ్గరికే వద్దామనుకుంటున్నా. పక్కపక్కవి వరుసగా బిగిస్తే మూత ఒక వైపు ముందే కూర్చుండిపోతుంది, రెండో వైపు లేస్తుంది. ఆ లేచిన చోట ప్లాస్టిక్ పంటి కింద పడ్డట్టు నలుగుతుంది. నెల తర్వాత అక్కడ సన్నటి పగులు, లేదా లోపలికి తేమ. ఎదురెదురు మూలలు బిగిస్తే ఒత్తిడి సమంగా పడుతుంది. కారు చక్రం బోల్టులు బిగించేటప్పుడు మెకానిక్ ఎదురెదురుగా బిగిస్తాడు చూడండి, అదే సూత్రం. మీ లైన్ లీడర్‌కి ఇది ఎవరైనా చెప్పి ఉంటే మీకూ చెప్పేవాడు.

పులికాట్_కుర్రోడు
నాలుగేళ్లు అన్నా. రెండు నిమిషాల్లో చెప్పేశారు.

తమ్ముడు పక్కనే కూర్చుని చదివాడు. పాత ఫోన్ ఒకటి విప్పి, 3 తర్వాత 4 బిగించి దీపం వెలుతురులో పెట్టి చూశాడు. కింద మూల దగ్గర సందు కనపడతా ఉంది. మళ్లీ విప్పి ఎదురెదురు బిగించాడు, సందు లేదు. ఇప్పుడు ఆ మూతలో గుండ్రటి మచ్చలు లెక్కపెడతా ఉన్నాడు, మొత్తం ఆరంట, రెండు మాత్రం ఎందుకు పెద్దవి అని అడగమంటున్నాడు.

బాలానగర్_టూల్‌రూమ్
ఆ రెండూ మూత మందంగా ఉన్న చోట ఉన్నాయేమో చూడమనండి.

పులికాట్_కుర్రోడు
అవునంట. సోమవారం లోకల్‌కి పోతన్నాం.